ఐదేళ్ల పాపను బ్రాడ్‌వే షోకి తీసుకెళ్లొచ్చా?

అందరికీ నమస్తే. మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పాపకి వచ్చే నెల ఐదేళ్లు నిండుతాయి. న్యూయార్క్‌లోని మిన్‌స్కాఫ్ థియేటర్‌లో 'లయన్ కింగ్' అనే పాటల నాటకం చూపించాలని నాకు చాలా ఆశ. ఆరేళ్లు దాటినవాళ్లకైతే బాగుంటుందని షో వాళ్లే చెబుతున్నారు. ఇంటర్వెల్‌తో కలిపి రెండున్నర గంటలు. మొదటి పాటలో ఏనుగు బొమ్మ ప్రేక్షకుల మధ్య నుంచే నడిచొస్తుందట, అది చూస్తే మా పిల్ల ఎగిరి గంతేస్తుంది. తండ్రి సింహం చనిపోయే చోటే నాకు టెన్షన్. ఇంట్లో టీవీలో ఆ సీన్ రాగానే నా చున్నీలో మొహం దాచుకుని, "అమ్మా, వాళ్ల నాన్న లేస్తాడా?" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. ఈ వయసు పిల్లలతో వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి. మధ్యాహ్నం షో నయమా? బయటికి రావడానికి వీలుగా వరుస చివరి సీట్లు తీసుకోవాలా? లేక ఇంకో ఏడాది ఆగమంటారా?