షార్కూటరీ బోర్డుని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: వచ్చే శనివారం మా ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. ఆహ్వానం తెలుగులోనే రాద్దామని పట్టుబట్టి కూర్చున్నాం. పులిహోర, గారెలు ఇబ్బంది పెట్టలేదు. చెక్క పలక మీద మాంసం ముక్కలు, చీజ్‌లు పరిచి పెట్టే షార్కూటరీ బోర్డు దగ్గర ఆగిపోయాం. మావారు "మాంసపు జున్నుల పలక" అన్నారు. అది చదివాక ఎవరైనా వస్తారా? మంచి మాట చెప్పండి.

జవాబు: పలక సంగతి తరవాత, ముందు ఆ జున్నుని తీసేయండమ్మా. చీజ్ అంటే జున్ను అని అనువాదాల్లో ఏళ్ల తరబడి రాసేస్తున్నారు. ఈనిన గేదె మొదటి రోజుల పాలు బెల్లం వేసి కాస్తే వాటంతటవే గట్టిపడతాయి, అదీ జున్ను. చీజ్‌కి పాలు విరగాలి, నీళ్లు పోవాలి, ఉప్పు పడాలి, చాలా రకాలకి నెలల తరబడి మాగడం కావాలి. జున్ను అని రాస్తే మీ అత్తగారు మిరియాలు, యాలకులు వెతుక్కుంటారు. చీజ్ అనే రాయండి.

ఇక షార్కూటరీ. ఫ్రెంచిలో షేర్ అంటే మాంసం, క్వీత్ అంటే వండినది. 15వ శతాబ్దపు పారిస్‌లో పచ్చి మాంసం అమ్మేవాళ్లు వేరు, వండిన పంది మాంసం అమ్మే షార్క్యుతియేలు వేరు. తమాషా ఏమిటంటే, ఇవాళ ఆ బోర్డు మీద గొప్పగా పరిచే ప్రషూటో అసలు పొయ్యి మొహం చూడదు. పంది తొడకి ఉప్పు పట్టించి నెలల తరబడి గాలికి ఆరబెడతారు, అంతే. ఆ పేరు కూడా ఆరబెట్టడం నుంచి వచ్చిందే. సలామీ అనే ఆరబెట్టిన సాసేజ్ పేరులో ఉన్నది ఉప్పు.

ఇంకొకరు: అలాగైతే మన తెలంగాణ ఒట్టి తునకలే కదా! ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండబెట్టి దాచుకునేవి. ఒట్టి అంటే ఎండిన అనే. ఒట్టిపోయిన బర్రె అంటాం చూడండి.

జవాబు: ఆరబెట్టే పద్ధతి వరకు ఒప్పుకుంటాను. కానీ ఒట్టి తునకల్ని వేయించో, కూర వండో తింటాం. ప్రషూటోని కాగితమంత పల్చగా కోసి అలాగే నోట్లో వేసుకుంటారు. ఆహ్వానంలో ఒట్టి తునకలు అని రాసి సలామీ పెడితే, వరంగల్ నుంచి వచ్చినవాళ్లు మీతో మాట్లాడరు.

మరొకరు: నా ఓటు "నంజుడు పళ్లెం"కి. నంజుడు అంటే పాత తెలుగులో మాంసమే. నంజుకోవడం కూడా పక్కనే ఉంది. ఒక్క దెబ్బకి రెండు అర్థాలు.

జవాబు: చమత్కారం బాగుంది, కాకపోతే రెండు చిక్కులు. పాత కావ్యాల్లో నంజుడుతిండి అంటే రాక్షసుడు. అతిథుల్ని అలా పిలవకపోవడమే మంచిది. రెండోది, నంజుకోవడమంటే పప్పన్నంలోకి ఆవకాయ కొరుక్కోవడం. ఆ బోర్డు మీద ఆవకాయ పని చేసేవి వెనిగర్‌లో ఊరిన చిట్టి దోసకాయలు, ఆవముద్ద, అంజీర్ జామ్. మాంసం, చీజ్‌లలోని కొవ్వు నోటికి మొహం మొత్తకుండా చూసేవి అవే. అంటే మాంసం నంజుడే గానీ, నంజుకునేది కాదు.

నామకరణం కన్నా మీ ఇంటికి పనికొచ్చే మాట ఒకటుంది. "శాకాహారులకి చీజ్ ఉందిగా" అని ధీమాగా ఉండకండి. పాలు విరగడానికి వేసే రెనెట్ కొన్ని చీజ్‌లకి దూడ పొట్ట నుంచి తీస్తారు. ఇటలీ చీజ్ అసలైన పార్మిజానో రెజ్జానోలో ఎప్పుడూ అదే. కవరు మీద చదివి, శాకాహార రెనెట్ వాడినవి వేరే పలక మీద, వేరే కత్తితో పెట్టండి. ఆరబెట్టిన మాంసాల్లో బ్రెజావోలా ఎద్దు మాంసం, ప్రషూటో పంది. సలామీ ఎక్కువగా పందే అయినా చీటీ చూడాల్సిందే. ఏది ఏమిటో తెలుగులో చిన్న చీటీలు గుచ్చండి. మీ భాషాభిమానం అక్కడ బాగా ఖర్చవుతుంది. చీజ్‌ని ముప్పావుగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీస్తే రుచి తెలుస్తుంది. మాంసం మాత్రం చివర్లో తీయండి, రెండు గంటలకి మించి బయట ఉంచకండి.

ప్రశ్న అడిగినవారు: ఇలా రాశాను: "షార్కూటరీ పళ్లెం: ఉప్పులో ఊరి ఆరిన మాంసం, చీజ్‌లు, నంజుకోవడానికి ఊరగాయలు. శాకాహారులకి విడిగా." మావారు పలక పోయిందని అలిగారు.

జవాబు: ఆయనకి చీటీలు రాసే పని అప్పజెప్పండి.