అప్‌డేట్: సోడా వల్ల బరువు తగ్గడం ఆగుతుందా?

భీమవరం ఎండలకి రోజూ రెండు నిమ్మ సోడాలు తాగుతున్నాను, బరువు తగ్గడం ఆగింది, గ్యాసే కారణమా అని అడిగాను కదండీ. తేలిపోయింది. జవాబిచ్చిన వాళ్లందరికీ ధన్యవాదాలు.

"సోడా కాదు, అందులో కలిపేది చూడండి" అన్నవారి మాటే నిజం. డైటీషియన్ కూడా అదే పట్టుకున్నారు. ఉత్త గోలీ సోడాలో కేలరీలు సున్నా. కానీ నిమ్మ సోడాలో పాకం పోస్తారు. రెండు పెద్ద చెంచాల పంచదారంటే సుమారు 25 గ్రాములు, 100 కేలరీలు. రెండు గ్లాసులకి 200. రోజుకి 500 తగ్గించుకుని తింటున్నా, అందులో 40 శాతం ఇక్కడే తిరిగొచ్చేస్తోంది! సుగంధి సోడా, ఆర్టోస్ లాంటి తీపి డ్రింకులకీ ఇదే లెక్క.

ఇప్పుడు పాకం లేకుండా సోడా, నిమ్మరసం, చిటికెడు ఉప్పు. కాటా మళ్లీ కదిలింది.

గ్యాస్‌కీ కొవ్వుకీ సంబంధం లేదు. పొట్ట ఉబ్బరం త్రేన్పులతో పోయేదే. తాగిన వెంటనే కాటా ఎక్కితే కనిపించేది ఆ నీళ్ల బరువే, కాబట్టి పొద్దున్నే పరగడుపున చూసుకోండి. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు సోడా జోలికి వెళ్లొద్దు. గుండెల్లో మంట ఉంటే ఉత్త సోడా కూడా తగ్గించాలి.