మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయడం ఆపాలా, వద్దా? (విశాఖ ఇంటర్ కాలేజీలు)

గాజువాక నాన్న:
మావాడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. కాలేజీ పేరు రాయను. దసరా సెలవులయ్యాక షఫ్లింగ్ అని సెక్షన్లు మార్చారు. పై సెక్షన్‌కి ఐడీ కార్డు తాడు నీలం, ఆఖరి సెక్షన్‌కి పసుపు. మొన్న పాత గాజువాకలో వాడు బస్సు దిగుతుంటే చూశాను. కార్డుని తాడుతో సహా చొక్కా లోపలికి తోసేసుకున్నాడు. ఏంట్రా అంటే "ఉక్కపోత నాన్నా" అన్నాడు. ఉక్కపోతకి కార్డు లోపల పెట్టుకునేవాణ్ని నేనైతే చూడలేదు.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుందా? 2023లో మన ఊళ్లోనే నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి మరణం మీద వేసిన కేసు. దర్యాప్తు సీబీఐకి అప్పగించి, దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. ప్రభుత్వం చట్టం తెచ్చేదాకా అవే చట్టం. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దు, నలుగురిలో అవమానించొద్దు అన్నది వాటిలో ఒకటి. తీర్పు పుట్టిన ఊళ్లోనే ఇది ఆగలేదు. అసలు ఆగాలంటారా?

సుద్దముక్క:
ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెప్తున్నాను. అందరూ ఒకే గదిలో అంటే వినడానికి బాగుంటుంది. 60 మంది ఉంటారు. ముందు బెంచీవాడు అడ్వాన్స్‌డ్ లెక్క అడుగుతాడు, వెనక బెంచీ అమ్మాయికి సైన్, కాస్ దగ్గరే తడబాటు. మధ్యరకంగా చెప్తే ఇద్దరికీ అందదు. అందరిలో లేచి అడగడానికి ఆ వెనక అమ్మాయికి నోరు రాదు కాబట్టి ఎక్కువ నష్టం ఆమెకే. పైగా కోర్టు "సాధ్యమైనంత వరకు" మానమంది, నిషేధించలేదు. తాళ్ల రంగులు మాత్రం దరిద్రం, అందులో వాదన లేదు.

మధురవాడ వాసి:
"సాధ్యమైనంత వరకు" అంటే చాలు మాస్టారూ, ఆ సందులోంచి మనవాళ్లు లారీ తోలేస్తారు.

సీతమ్మధార అమ్మ:
మా అమ్మాయిది టాప్ సెక్షన్. అప్పుచేసి ఫీజు కట్టాం. ఇప్పుడు అందర్నీ కలిపేస్తే మా పిల్ల వేగం తగ్గదా? అలాగని పైనున్నవాళ్లకి సుఖమనుకోకండి. ఆదివారం టెస్టంటే శనివారం రాత్రి ముద్ద దిగదు దానికి. రెండు టెస్టులు పోతే కింద సెక్షనే.

మధురవాడ వాసి:
అమ్మా, మీరు ఏ పక్షం?

సీతమ్మధార అమ్మ:
నాకే తెలీడం లేదండీ.

అరకు అన్న:
నేను చదివింది ఆశ్రమ పాఠశాలలో. ఇంట్లో ఆదివాసీ ఒడియా, బళ్లో తెలుగు. పదిలో మంచి మార్కులే వచ్చాయి. ఇంటర్‌కి వైజాగ్ వచ్చిన మొదటి వారమే ఇంగ్లిష్‌లో పరీక్ష పెట్టి సెక్షన్లు వేశారు. "కోఎఫిషియంట్" కనుక్కోమని లెక్క. ఆ మాటేంటో తెలీక వదిలేశాను. బయటికొచ్చాక పక్కవాడు చెప్పాడు, గుణకమంట. గుణకమైతే నాకు ఎనిమిదో తరగతి నుంచీ వచ్చు! అలా ఆఖరి సెక్షన్‌లో పడ్డాను, రెండేళ్లూ అక్కడే. వాళ్లు కొలిచింది నా లెక్కల్ని కాదు, నా ఇంగ్లిష్‌ని.

సుద్దముక్క మాస్టారూ, విడిగా చెప్తే మాలాంటోళ్లకే మేలన్నారు కదా. మాకొచ్చిన లెక్కల సారు ఆ ఏడే ఎమ్మెస్సీ పాసయ్యారు. మంచాయనే పాపం, రెండు నెలలకి మానేశారు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. పై సెక్షన్ సారు రోజూ మా గది ముందునుంచే నడిచి వెళ్లేవారు. రెండేళ్లలో ఒక్కసారి గడప దాటి లోపలికి రాలేదు.

సుద్దముక్క:
తమ్ముడూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. సీనియర్లని పై సెక్షన్లకే వేస్తారు. ర్యాంకొస్తే ఫ్లెక్సీ కట్టొచ్చు మరి. టైమ్‌టేబుల్ మా చేతిలో ఉండదు, అలాగని మేం ఎదురు చెప్పిందీ లేదు. అయినా వేరుగా చెప్పడమే తప్పని ఇప్పటికీ అనను. రోజుకో గంట అవసరాన్ని బట్టి విడిగా కూర్చోబెట్టి, మిగతా పూటంతా కలిపి ఉంచొచ్చు. ఆ గంటకి సీనియర్‌ని కింద సెక్షన్‌కి పంపాలి. అక్కడే యాజమాన్యాలు ఒప్పుకోవు.

కోర్టు మెట్లు:
ఒక విషయం. విద్యాహక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. కానీ ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల వరకే. ఇంటర్ పిల్లలు దాని గొడుగు కిందికి రారు. అందుకే ఈ తీర్పుని గట్టిగా పట్టుకోవాలి. 100 మందీ ఆపైన చదివేచోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, మానసిక ఒత్తిడిలో ఉన్నవాళ్లు ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 వంటివి క్లాసుల్లో, హాస్టళ్లలో కనబడేలా పెద్ద అక్షరాలతో పెట్టాలని అందులోనే ఉంది. మీ కాలేజీలో ఉన్నాయా?

మధురవాడ వాసి:
మా దగ్గర కౌన్సెలరంటే అడ్మిషన్ల కోసం ఇంటికొచ్చే పీఆర్వోనే.

గాజువాక నాన్న:
ఈరోజు కాలేజీకి వెళ్లొచ్చాను. తాళ్లు వచ్చే ఏడు మారుస్తారట, ఈ ఏడు స్టాకు అయిపోవాలట. 14416 ఉంది, కాదనను, ప్రిన్సిపాల్ గారి గదిలో ఆయన కుర్చీ వెనక. సీనియర్ ఫిజిక్స్ సారు వారానికి ఒక్క క్లాసైనా ఆఖరి సెక్షన్‌కి చెప్పగలరా అని అడిగితే, ఆఫీసు పనులు చూసే ఏఓ గారు కంప్యూటర్ వైపైనా చూడకుండా "ఆయన ఖాళీ లేరండీ" అన్నారు. టైమ్‌టేబుల్ చూపించమని కాగితం మీద రాసిచ్చాను. ఒక్కడి సంతకం చూసి పక్కన పడేస్తారని తెలుసు. మావాడి సెక్షన్ తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే మెసేజ్ పెట్టండి. సీతమ్మధార అమ్మగారూ, మీరూ వస్తే బాగుంటుంది.