క్యాప్సూల్ గల బాక్టీరియా ‘గుళికాయుతమా’, ‘కోశావృతమా’?

సీతమ్మధార మాస్టారు:
సూక్ష్మజీవశాస్త్ర పాఠాలను తెలుగు చేస్తున్న విశాఖ మిత్రులొకరు క్యాప్సూల్ (కణం చుట్టూ ఉండే పై తొడుగు) గల బాక్టీరియాను ‘గుళికాయుతం’ అన్నారు. నాకిది సమ్మతం కాదు, ‘కోశావృతం’ అనాలంటాను. లాటిన్‌లో ‘క్యాప్సా’ అంటే పెట్టె, ముఖ్యంగా చుట్టలుగా ఉండే గ్రంథాలను భద్రపరిచే గుండ్రని పెట్టె. ‘క్యాప్సులా’ అంటే చిన్న పెట్టె. ఈ మాటలకు పట్టి ఉంచడమనే అర్థం గల ‘క్యాపెరె’ క్రియతో చుట్టరికం ఉంది. కాబట్టి ఈ పదానికి ప్రాణం లోపలి సరుకు కాదు, దాన్ని మూసి ఉంచే తొడుగు. సంస్కృతం నుంచి వచ్చిన ‘గుళిక’కు ఉండ, మాత్ర అని అర్థం. అనకాపల్లి వైపు రైతులు వరిమడిలో చల్లే పురుగుమందు గుళికలకు తొడుగెక్కడ ఉంది?

పరవాడ ఫార్మసిస్టు:
మాస్టారూ, వ్యుత్పత్తి చూపి వాడుకను తోసిపుచ్చలేము. 1834లో పారిస్‌లో మోత్, దుబ్లాంక్ అనే ఇద్దరు జెలటిన్ క్యాప్సూల్‌కు పేటెంటు పొందిన నాటి నుంచి మందూ తొడుగూ కలిపి ఒకే మోతాదుగా మింగుతున్నాం గనుక దాన్ని గుళిక అనడంలో తప్పు లేదు. (మందుల దుకాణంలో ఆ మాటతో అడిగేవారు లేరన్నది వేరే సంగతి.) పైగా మూత్రపిండాల పాఠంలో మన పిల్లలు ‘బౌమన్ గుళిక’ అనే చదువుతున్నారు. ‘కోశం’ అందామంటే పరాగకోశం, గర్భకోశం, శబ్దకోశం అంటూ ఆ మాట ఇప్పటికే కిక్కిరిసి ఉంది.

సీతమ్మధార మాస్టారు:
మీరు చెప్పిన ఆ కోశాలన్నీ దేనినో ఒకదాన్ని తమలో ఇముడ్చుకున్నవే. కత్తి ఒరను, ధనాగారాన్ని కూడా కోశమనే అంటాం. క్యాప్సా చేసే పని అదే కదా! మందు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, బాక్టీరియా విషయంలో ఒప్పుకోలేను. 1928లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు గ్రిఫిత్ చేసిన ప్రయోగంలో పై తొడుగు గల న్యుమోకాకస్ (న్యుమోనియా కలిగించే బాక్టీరియా) ఎలుకలను చంపింది, తొడుగు లేని రకం చంపలేకపోయింది. ఎందుకంటే తెల్ల రక్తకణాలు బాక్టీరియాను మింగివేయకుండా ఆ తొడుగే అడ్డుపడుతుంది. దాన్ని ‘గుళికాయుతం’ అంటే బాక్టీరియా లోపల ఏదో ఉండ ఉందని విద్యార్థి అనుకుంటాడు. ఇక బౌమన్ గుళిక, రక్తకేశనాళికల గుచ్ఛాన్ని పొదివి పట్టుకున్న గిన్నె. అక్కడా ఆ పేరు అతకలేదు.

పరవాడ ఫార్మసిస్టు:
అతకకపోయినా పరీక్షలో పిల్లలు రాయవలసింది అదే. బాక్టీరియాకు ‘కోశావృతం’ అనడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ బౌమన్ దగ్గర పేరు మార్చవద్దని మీ మిత్రులకు చెప్పండి.