భూవిజ్ఞానంలో పేపర్ల సంఖ్యతో పరిశోధకుల పనిని కొలవచ్చా?

నేలబడి:
భూవిజ్ఞాన పరిశోధన సాహిత్యం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఏటా పేపర్లు పెరుగుతున్నాయి. కానీ సాపేక్ష వృద్ధి రేటు (పోగైన మొత్తం పేపర్లు ఏడాదిలో ఎంత వేగంగా పెరిగాయో చెప్పే అంకె) ఏడాదికేడాది పడిపోతోంది, రెట్టింపు కాలం (అదే వేగంతో ఆ మొత్తం రెండింతలు కావడానికి పట్టే కాలం) పెరుగుతోంది. అంటే రంగం మందగిస్తోందని రాయవచ్చా? రెండోది, ఎక్కువ పేపర్లున్న రచయితలకు పై ర్యాంకులు ఇస్తే చాలని మా గైడ్ గారు అంటున్నారు. మీరేమంటారు?

లెక్కలపిచ్చి:
మందగిస్తోందని దయచేసి రాయకండి. ఆ రేటు లెక్కించే సూత్రం ఏ ఏటికాయేడు వచ్చిన పేపర్ల మీద కాదు, అప్పటిదాకా పోగైన మొత్తం మీద నడుస్తుంది. ఏటా సరిగ్గా 100 పేపర్లే వస్తున్నాయనుకోండి. మొత్తం 100 నుంచి 200కి చేరిన ఏడు రేటు 0.69, రెట్టింపు కాలం 1 ఏడాది. 900 నుంచి 1000కి చేరిన ఏడు రేటు 0.105, రెట్టింపు కాలం 6.6 ఏళ్లు. పని ఏమాత్రం తగ్గలేదు, అంకె మాత్రం పడిపోయింది. మీ లెక్క మొదలైన ఏడాదికి ముందు ఒక్క పేపరూ లేదన్నట్టు కూడుతున్నాం కాబట్టే ఇలా వస్తుంది. ఏటా వచ్చినవాటి లాగరిథమ్ తీసి గ్రాఫ్ గీయండి, గీత వాలు తగ్గుతోందా లేదా చూస్తే నిజం తెలుస్తుంది. డేటాబేస్‌లో మధ్యలో కొత్త పత్రికలు చేరాయేమో కూడా చూసుకోండి.

గ్రంథాలయ మిత్ర:
రెండో ప్రశ్నలో నేను గైడ్ గారి పక్షం. ఎవరెన్ని పేపర్లు రాస్తారో లెక్కగట్టిన లోట్కా 1926లో చూపిందేమిటి? ఒక్క పేపరు రాసినవాళ్లు 100 మంది ఉంటే, రెండు రాసినవాళ్లు సుమారు 25, మూడు రాసినవాళ్లు 11 మంది. అంటే ఎక్కువ రాసేవాళ్లు కొద్దిమందే. పైగా ఒక రంగపు వ్యాసాల్లో పెద్ద వాటా కొద్ది పత్రికల్లోనే వస్తుందన్న తన సూత్రానికి బ్రాడ్‌ఫర్డ్ 1934లో తీసుకున్న రంగాల్లో జియోఫిజిక్స్ (భూభౌతిక శాస్త్రం) ఒకటి. 326 పత్రికల్లో 1332 వ్యాసాలుంటే, 9 పత్రికల్లోనే 429 వచ్చాయి. ఈ రంగానికి లెక్కలు కొత్త కాదండీ.

రాతిసుత్తి:
మిత్ర గారూ, లోట్కా ఉమ్మడి వ్యాసాలను ప్రధాన రచయిత ఒక్కరి ఖాతాలోనే వేశారు. ఇప్పుడు ఒక పేపరు మీద 20 పేర్లుంటే అందరికీ తలా ఒకటి వేస్తున్నాం. ఒక్క పేపరు 20 అయిపోతోంది! అసలు లెక్కలోకే రానిదాని మాటేమిటి? అమెరికన్ భూవిజ్ఞాని, పటాల రూపకర్త మేరీ థార్ప్ 1950లలో సముద్రగర్భ కొలతలను పటాలుగా గీస్తూ మధ్య అట్లాంటిక్ శిఖరశ్రేణిలో చీలిక లోయను గుర్తించారు. ఆ పని మీద వచ్చిన తొలి ముఖ్య వ్యాసాల్లో ఆమె పేరు లేదు. మీ పట్టికలో ఆవిడ ఎక్కడుంటారు? ఒక ప్రాంతపు భూవైజ్ఞానిక పటం గీయడానికి ఏళ్లు పడుతుంది. ఎండలో తిరిగి ఆ పని చేసినవాడిగా చెబుతున్నాను, దాన్ని సున్నా అంటే మనసు ఒప్పుకోదు.

గ్రంథాలయ మిత్ర:
థార్ప్ గారి విషయంలో మీతో వాదించలేను. కానీ 20 మందికి 0.05 చొప్పున పంచితే మాత్రం న్యాయమా? రెండు నెలలు ఓడ మీద సముద్రపు అడుగు తవ్విన మనిషికి 0.05, గదిలో కూర్చుని ఒక్కరే సమీక్ష రాసినవారికి 1 వస్తుంది.

రాతిసుత్తి:
అదే కదా నేనూ అంటున్నది. ఏ పద్ధతిలో పంచినా ఎవరో ఒకరు నష్టపోతున్నప్పుడు, దాని మీద ర్యాంకు ఎలా ఇస్తారు?

నేలబడి:
వృద్ధి అధ్యాయం మళ్లీ రాస్తున్నాను. రచయితల పట్టిక తలా ఒకటి వేసే లెక్కలోనూ, పంచి వేసే లెక్కలోనూ వేస్తాను, పటాలు, డేటాసెట్లు ఇందులో లేవని దాని కిందే రాస్తాను. ర్యాంకుల గురించి గైడ్ గారితో సోమవారం మాట్లాడాలి. ఆయన ఒప్పుకుంటారో లేదో తెలియదు, టెన్షన్‌గానే ఉంది.