గంజిపెట్టిన ఖద్దరుకు వానల్లో ముక్కవాసన: వట్టివేళ్లు ఎలా వాడాలి?

శ్రీకాకుళంలో ముసురు పట్టిందంటే పొందూరు ఖద్దరు పంచె రెండు రోజులైనా పూర్తిగా ఆరదు. ఉతుకు కుంకుడు రసంతోనే: పన్నెండు కాయల గింజలు తీసి, లీటరు గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, పిసికి, పలుచటి గుడ్డలో వడకట్టినది. నురగ పోయేదాకా జాడింపు. మురికి పోతోంది. చిక్కంతా గంజితోనే. అది పిండే కదా, తడి నిలిస్తే బూజుకు అదే తిండి. అన్నం వార్చిన రోజే, పలుచగా కలిపి పెట్టినా తేడా కొంచెమే. మానేస్తే ఖద్దరు నిలబడదు, అదొక బాధ.

తెలిసినవారు చెప్పండి. బకెట్ నీళ్లకు రెండు చెంచాల తెల్ల వెనిగర్ వేసి జాడించడం గంజికి ముందా, గంజి నీళ్లలోనే కలపొచ్చా? వట్టివేళ్లు మరిగించిన నీళ్లు తెల్లబట్టకు గోధుమ ఛాయ తెస్తాయి. వేళ్ల సువాసన పట్టి, రంగు దిగకుండా చన్నీళ్లలో ఎంతసేపు నానబెట్టాలి? పొడివేళ్లు మూటగట్టి బీరువాలో పెడితే మరక పడదు గానీ అవీ చెమ్మ పీలుస్తాయి. ఎన్నాళ్లకోసారి ఎండబెట్టి మార్చాలి?

నాఫ్తలీన్ ఉండలు, సీసాల్లో అమ్మే సెంటు ద్రావణాలు మాత్రం వద్దండి.