వేసవి నీటి వేళలు వాట్సాప్‌లో పెడితే సరిపోతుందా, వీధిలో చాటించాలా?

మూడో వీధి మాస్టారు:

గోదావరి పశ్చిమ డెల్టాలోని మా పట్టణంలో దాళ్వా (రెండో పంట వరి) కోతలు ముగిసి కాలువలు కట్టేసిన నాటి నుంచి మళ్లీ జూన్‌లో నీరు వదిలే దాకా ఊరంతా పురపాలక సంఘం వారి వేసవి నిల్వ చెరువు మీదే ఆధారపడుతుంది. బోరు వేస్తే ఉప్పునీరు పడే నేల కాబట్టి, కొళాయి ఏ రోజు ఏ వేళకు వస్తుందన్న సంగతి మాకు తిథి వార నక్షత్రాల కన్నా ముఖ్యం. నిరుటి వరకు ఆ వేళలు మారినప్పుడల్లా ఆటోకు మైకు కట్టి వీధివీధినా చెప్పేవారు, వార్డు సచివాలయం గోడకు కాగితం అంటించేవారు. ఈ వేసవిలో ఆ రెండూ మానేసి, వార్డుకొక వాట్సాప్ గ్రూపు పెట్టి ప్రకటనలన్నీ అందులోనే వేస్తున్నారు.

రోజూ వచ్చే నీరు ఇకపై రోజు విడిచి రోజు వస్తుందన్న కబురు కూడా అలాగే వచ్చింది. మా వీధి చివరి కొళాయి మీద బతికే పదిహేను ఇళ్లలో ఆ గ్రూపులో ఉన్నవి మూడే. మిగిలిన పన్నెండు ఇళ్ల ఆడవాళ్లు తెల్లవారుజామున ఐదింటికే బిందెలు వరుసలో పెట్టి, ఎనిమిదింటి దాకా ఎదురుచూసి, రొయ్యలు ఒలిచే షెడ్డుకు ఆలస్యంగా వెళ్లి ఆ పూట కూలి పోగొట్టుకున్నారు. మేడ మీద ట్యాంకు, నేలలో సంపు ఉన్న నాకు ఒక పూట నీరు రాకపోతే తెలియను కూడా తెలియదు. కబురు మాత్రం నాకే ముందు అందింది.

పూర్వం టముకు వేసి చాటించిన ఊళ్లివి. అంత వెనక్కి పోనక్కరలేదు. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది ఆస్తి పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ ఇస్తామన్న ప్రకటనకు అదే ఆటో, అదే మైకు మా వీధికి ఈ నెలలోనే నాలుగుసార్లు వచ్చాయి కనుక, ఆటో లేదనీ డబ్బు లేదనీ అనుకోలేకపోతున్నాను. నీటి వేళలకు కూడా చాటింపు తప్పనిసరి చేయమని అర్జీ పెట్టాలని నా ఆలోచన. మీరేమంటారో చెప్పండి.

అపార్టుమెంటు కార్యదర్శి:

మాస్టారు గారూ, ఆ పన్నెండు ఇళ్లకు జరిగింది అన్యాయమే. దానికి మందు మైకు అన్నదే నాకు ఒప్పుదల కావడం లేదు. మైకు ఆటో మా సందు దాటడానికి అర నిమిషం చాలు. రెండో అంతస్తులో ఉన్నవారికి ‘పురప్రజలకు విజ్ఞప్తి’ అన్న మాట వినబడి, తలుపు గడియ తీసి వరండాలోకి వచ్చేసరికి ఆటో మలుపు తిరిగిపోతుంది. ఏ రోజు, ఏ గంట అన్న అసలు ముక్క పక్క వీధివారికి చేరుతుంది. గ్రూపులో పెట్టిన మాట అక్కడే ఉంటుంది, పదిసార్లు చదువుకోవచ్చు, అందనివారికి పంపవచ్చు.

పైగా ఈ నెలలో ఒకే వారంలో మూడుసార్లు వేళలు మారాయి. రాత్రి పదకొండింటికి పంపుహౌసులో కరెంటు పోతే ఆ సంగతి తెల్లవారేలోగా చెప్పగల సాధనం ఫోను ఒక్కటే, ఎందుకంటే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. కొళాయి ఐదింటికి వచ్చే ఊళ్లో ఆరు దాటాక మైకు తిరిగితే అది ఎవరికి ఉపయోగం?

నీటి విభాగంలో విరమించినవాడు:

ముప్పై ఏళ్లకు పైగా వాల్వులు తిప్పించిన అనుభవంతో చెబుతున్నాను, ప్రకటన ఎక్కడ పెట్టారన్నదాని కన్నా ప్రకటనలో ఏముందన్నది ముందు చూడండి. ‘సాంకేతిక కారణముల వలన నీటి సరఫరాలో అంతరాయము కలుగును, ప్రజలు సహకరించగలరు’ అన్న వాక్యాన్ని నేనే ఎన్నిసార్లు రాయించానో లెక్క లేదు. అందులో తేదీ లేదు, ఏ ట్యాంకు పరిధికో లేదు, నీరు మళ్లీ ఎప్పుడు వస్తుందో లేదు. ఆ వాక్యాన్ని మైకులో చెప్పినా, వాట్సాప్‌లో పెట్టినా, రాగిరేకు మీద చెక్కించినా ఒకటే.

వేసవిలో వేళలు ఎందుకు తప్పుతాయో కూడా చెప్పాలి. కాలువలు కట్టేసే ముందు రోజుల్లోనే చెరువు నింపుకోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే చేపల చెరువులవారు, రొయ్యల చెరువులవారు, ఆలస్యంగా నాటిన దాళ్వా చేలవారు అదే కాలువ గట్టున ఇంజన్లు పెడతారు కాబట్టి, గోదావరి ఆనకట్ట వద్ద విజ్జేశ్వరం దగ్గర కాలువకు వదిలిన నీరు మా శివారుకు వచ్చేసరికి సన్నబడిపోతుంది. చెరువు నిండిన ఏడాది కూడా ఎండకు ఆవిరయ్యేది పోగా, మే నెలలో నిలిచిన నీటిలో నాచు పెరిగి ఇసుక ఫిల్టరు బెడ్లకు అడ్డం పడుతుంది. పైపొర గీకి శుభ్రం చేసేదాకా ఆ బెడ్డు నుంచి నీరు సరిగా దిగదు. చెరువులో నీరు కళ్లకు కనబడుతున్నా ఓవర్‌హెడ్ ట్యాంకు నిండకపోవడానికి కారణం చాలాసార్లు అదే. ట్యాంకు సగమే నిండినప్పుడు వాల్వు తెరిస్తే దగ్గరి వీధులు, పల్లపు వీధులు పట్టుకున్నాక పైపు చివరివారికి గాలి మాత్రమే వస్తుంది. కొళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవారి సంగతి ఇక్కడ ఎత్తను, అది వేరే చర్చ అవుతుంది.

ఇన్ని అవాంతరాల మధ్య వేళ మారదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే ఏ ఫిల్టరు బెడ్డు ఎప్పుడు శుభ్రం చేయాలో కొద్ది రోజుల ముందే తెలుస్తుంది. చెరువులో ఎన్ని అడుగుల నీరుందో, అది ఎన్నాళ్లు వస్తుందో ప్రతి ఉదయం రిజిస్టరులో రాసేవాళ్లం. ఆ అంకె మాత్రం జనానికి చెప్పేవాళ్లం కాదు. చెబితే ఊళ్లో గొడవ అవుతుందని మా పై అధికారులు భయపడేవారు, నేనూ భయపడ్డాను.

ఊరి ఆడపడుచు:

నేను హైదరాబాదులో ఉంటాను, మా అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటుంది. ఆ గ్రూపులో నేను కూడా ఉన్నందువల్లనే, రేపు నీరు రాదని చూసిన వెంటనే అమ్మకు ఫోను చేసి, ఉన్న నీటిని జాగ్రత్తగా వాడుకోమని చెప్పగలుగుతున్నాను. మైకు ఆటో నా వరకు రాదు కదా. ఆ మేరకు నా ఓటు కార్యదర్శి గారికే.

కానీ ఆ గ్రూపు నడిచే తీరు మీద నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటి వారాల్లో అందులో శుభోదయాలు, వార్డు నాయకుల పుట్టినరోజు అభినందనలు, గుడి అన్నదానం ఫొటోలు ఎన్ని వచ్చాయంటే, నీటి ప్రకటన వాటి అడుగున పడిపోయి రెండు రోజుల తరువాత నా కంటబడింది. రెండోది, గ్రూపులో చేరిన ప్రతివారి నంబరూ మిగిలిన అందరికీ కనబడుతుంది. ఒంటరిగా ఉండే మా అమ్మకు ఆ తరువాత ముక్కూమొహం తెలియనివారి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నీళ్లు ఎప్పుడు వస్తాయో తెలుసుకోవడానికి ఒక ఆడమనిషి తన నంబరు ఊరందరికీ ఇవ్వవలసి రావడం ఏం పద్ధతి?

డప్పు ఇంటి మనవడు:

‘పూర్వం టముకు వేసి చాటించిన ఊళ్లివి’ అన్న మాస్టారి మాట దగ్గర ఆగిపోయాను. ఆ టముకు ఎవరు వేసేవారో కూడా ఒక ముక్క రాసి ఉంటే బాగుండేది. మా తాత వేసేవాడు. కరణం గారు అరుగు మీద కూర్చుని చెబితే, ఎండలో చెప్పులు లేకుండా ఊరంతా తిరిగి చాటి, అన్నిటికన్నా చివర మా పేటకు వచ్చేవాడు. దానికి కూలి అడిగే వీలు లేదు, అది వెట్టి. ఆయన చాటింపు విని చెరువుకు నడిచిన ఊరే ఆ చెరువులో మా వాళ్లను బిందె ముంచనివ్వలేదు. కాబట్టి ఆ రోజుల్లో కబురు అందరికీ సమానంగా అందేదన్న ముచ్చట ఇక్కడ వద్దు.

అయినా మైకు ఆటోకు నేను వ్యతిరేకిని కాను. అది డబ్బు ఇచ్చి చేయించే పని, ముందే రికార్డు చేసిన గొంతు, మా పేటలోకి కూడా వస్తుంది. వాట్సాప్ గ్రూపే మాకు పాత టముకులాగా ఉంది, అన్నిటికన్నా చివర వస్తుంది కాబట్టి. మా ఇళ్లలో చాలాచోట్ల అటువంటి ఫోను ఒక్కటే, అది మగమనిషి జేబులో ఉంటుంది, ఆయన తెల్లవారకముందే చేపల పట్టుబడికి వెళ్లిపోతాడు. నీళ్లు పట్టవలసిన మనిషి ఇంట్లో ఉంటుంది. వడగాల్పుల హెచ్చరిక విషయంలోనూ ఇంతే జరుగుతోంది. మరునాడు ఏ మండలంలో వడగాల్పులు వీస్తాయో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందు రోజే చెబుతుంది, మా గ్రూపులోకి ఆ కబురు పొద్దున తొమ్మిదింటికి వస్తుంది. అప్పటికి ఎండలో పనిచేసేవారు చేలల్లోనూ చెరువు గట్ల మీదా ఉంటారు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా వడదెబ్బకు పోయారు. వారిలో కూలి పనివారు, ముసలివారు ఎక్కువన్న సంగతి అప్పటి పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది.

వకీలు:

చట్టం వైపు నుంచి రెండు మాటలు. సమాచార హక్కు చట్టం 2005లో నాలుగో సెక్షన్ అడగకుండానే చెప్పవలసిన సమాచారానికి సంబంధించినది. ఆ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ప్రకారం, సమాచారాన్ని వ్యాప్తి చేసేటప్పుడు ఖర్చును, స్థానిక భాషను, ఆ ప్రాంతంలో అన్నిటికన్నా బాగా పనిచేసే పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలి. దానికింద ఇచ్చిన వివరణలో నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ప్రసార సాధనాలు, ఇంటర్నెట్ అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఉంటే మరొకటి మానేయవచ్చని అక్కడ లేదు. కచ్చితంగా మైకే పెట్టాలని కూడా లేదు, ఆ విషయంలో మాస్టారు గారి అర్జీ చట్టం చెప్పినదాని కన్నా ఒక అడుగు ముందుకు వెళుతోంది.

ప్రజలను ప్రభావితం చేసే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు వాటికి సంబంధించిన వాస్తవాలన్నీ ప్రచురించాలని అదే సెక్షన్ చెబుతుంది. రోజు విడిచి రోజు నీరు అన్నది నిర్ణయం, చెరువులో ఎన్ని అడుగులున్నాయన్నది వాస్తవం. నాకైతే విరమించిన వారి రిజిస్టరే ఈ చర్చలో గట్టి ఆధారంగా కనబడుతోంది.

అపార్టుమెంటు కార్యదర్శి:

డప్పు ఇంటి మనవడి గారు చెప్పిన ఫోను సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. ఇంటికొక ఫోను ఉందంటే ఇంటికి కబురు చేరినట్టేనని నా లెక్క. మరొక లెక్క కూడా ఈ రోజు చూసుకున్నాను. వాట్సాప్ గ్రూపులో 1,024 మందికి మించి చేరలేరు, మా వార్డులో ఓటర్లే అంతకు రెండింతలకు పైగా ఉన్నారు.

అయితే మైకు తప్పనిసరి అన్న మాట దగ్గర నేను ఇంకా నిలబడే ఉన్నాను. తప్పనిసరి చేస్తే ఏమవుతుందో మనకు తెలుసు, ఆటో తిరిగినట్టు లాగ్‌బుక్కులో ఉంటుంది, ఏ వీధిలో తిరిగిందో ఆ దేవుడికే తెలియాలి. అదీ గాక, పొద్దున చెప్పిన వేళ సాయంత్రానికి మారితే, మైకు విన్నవారు ఒక వేళకు, ఫోను చూసినవారు మరొక వేళకు కొళాయి దగ్గరికి వస్తారు. అది ఇప్పుడున్న దానికన్నా పెద్ద గొడవ.

మూడో వీధి మాస్టారు:

ముందుగా టముకు గురించి. బడిలో నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, ఆ మాట రాసేటప్పుడు శబ్దం గుర్తొచ్చింది గాని మనిషి గుర్తుకు రాలేదు. అర్జీలో ఆ మాట ఉండదు.

కార్యదర్శి గారి చివరి అభ్యంతరం సరైనదే. అందుకని అర్జీని ఇలా మారుస్తున్నాను. రోజు విడిచి రోజుకు మారడం, వేళల పట్టిక మారడం వంటి పెద్ద మార్పులకు, వడగాల్పుల హెచ్చరికకు ముందు రోజు సాయంత్రం మైకు ఆటో తిరగాలి. ఆ రోజుకు ఆ రోజు వచ్చే చిన్న మార్పులకు వాట్సాప్ ఉండవచ్చు, కానీ అందులో అధికారులు తప్ప ఎవరూ రాయకూడదు, సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడని పద్ధతిలో నడపాలి. ఈ రెండింటికీ మూలంగా ప్రతి వాల్వు దగ్గర ఒక నల్లబోర్డు పెట్టి, చెరువులో నీటి మట్టం, తరువాత నీరు వచ్చే రోజు, గంట అక్కడ రాయాలి. ఏ రెండు కబుర్లు కలవకపోయినా బోర్డు మీదిదే ప్రమాణం. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తాను. సంతకం చేసేవారు తొమ్మిదిన్నరకు సచివాలయం దగ్గరికి రండి.

నీటి విభాగంలో విరమించినవాడు:

బోర్డు బాగుంది. ‘అధికారి రాయవలెను’ అని మాత్రం పెట్టకండి, ఆ అధికారి ఎవరో తేలేలోపు వర్షాకాలం వస్తుంది. వాల్వు తిప్పే మనిషి రోజూ అక్కడికి ఎలాగూ వస్తాడు, సుద్దముక్క అతని చేతికే ఇమ్మని రాయండి. అతనికి వేళ తెలిసినంత నిక్కచ్చిగా కమిషనరుకు కూడా తెలియదు.

డప్పు ఇంటి మనవడు:

మా పేటలో నీళ్లు పట్టేవారిలో చదువు రానివారు చాలామంది ఉన్నారు. బోర్డు పక్కన రేపు నీరు ఉంటే పచ్చ రేకు, లేకపోతే ఎర్ర రేకు తగిలించే కొక్కెం ఒకటి ఉండాలని కూడా చేర్చండి మాస్టారూ. రేకులు నేను కోయించి, రంగు వేయించి సోమవారం తెస్తాను.